భిలాయి చెరువుల్లో పిల్ల పక్షులు: ఫొటో చూసి గుర్తుపట్టడం

భిలాయి ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉన్న ఉక్కు నగరం. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇక్కడ కర్మాగారం కట్టారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉక్కు తయారీకి ఖనిజంతో పాటు నీళ్లూ పుష్కలంగా ఉండాలి. అందుకే 1921లో పూర్తయిన తాండుల జలాశయం వైపు నుంచి కాలువలో వచ్చే నీటిని టౌన్‌షిప్ అంచున ఉన్న మరోదా చెరువుల్లో నిల్వ చేస్తారు. చుట్టూ వరి మళ్లు, పల్లె చెరువులు, పడమటి వైపున శివనాథ్ నది. కర్మాగారం కోసం, పంట కోసం ఆపిన ఈ నీళ్లే కొంగలకూ ఉల్లంకులకూ తీతువు పిట్టలకూ తిండి పెడుతున్నాయి.

పొడవాటి లెన్సులు మామూలు ఉద్యోగులకూ అందుబాటులోకి వచ్చాక చెరువు గట్ల మీద పక్షుల ఫొటోలు తీసే అలవాటు పెరిగింది. అలా తీసిన వాటిలో పేరు తేలకుండా మిగిలిపోయేవి ఎక్కువగా పిల్ల పక్షుల ఫొటోలే. ఇందులో తీసినవాళ్ల తప్పేమీ లేదు. పుస్తకాల్లో బొమ్మ పెద్ద పక్షిది ఉంటుంది, అదీ జత కట్టే కాలంలో నిండు ముస్తాబుతో ఉన్నది. కెమెరాకు చిక్కేది మాత్రం గోధుమ రంగు ఒళ్లు, చారల మెడ, పాలిపోయిన ముక్కు, ఏ రంగో చెప్పలేని కాళ్లు. ఇలాంటి ఫొటో ముందు పెట్టుకుని చాలామంది మొదట జాతి పేరు వెతుకుతారు. అసలు పద్ధతి దానికి తలకిందులుగా ఉండాలి. ముందు వయసు తేల్చుకోవాలి, ఆ తర్వాతే జాతి జోలికి వెళ్లాలి.

గూట్లో పెరిగేవి, నేల మీద పెరిగేవి

నీళ్లలో నడుస్తూ తిండి వెతుక్కునే పక్షులన్నిటినీ మామూలుగా ఒకే గాటన కడతాం గానీ, పిల్లల పెంపకంలో ఇవి రెండు తెగలు. కొంగలు, ఇగ్రెట్లు, స్టార్కులు, కంకణాలు, తెడ్డుమూతి కొంగలు చెట్ల మీదో రెల్లు పొదల్లోనో గూళ్లు కడతాయి. గుడ్డులోంచి బయటపడిన పిల్లకు చేతనైంది నోరు తెరవడమే. ఎగరగలిగే దాకా తల్లీతండ్రీ తెచ్చి పెట్టాల్సిందే. తీతువు పిట్టలు, ప్లవర్లు, జకానాలు, స్టిల్టులు, ఉల్లంకుల పిల్లలు అలా కాదు. ఒంటి మీద నూగు ఆరగానే లేచి పరుగు తీస్తాయి. జకానా పిల్లకైతే పుట్టుకతోనే ఒంటికి మించిన కాలివేళ్లు ఉంటాయి.

కాబట్టి ఫొటోలోని పిల్ల ఎక్కడ నిలబడి ఉందన్నదే మొదటి ఆధారం. ఒంటి నిండా నూగుతో, ఇంకా రెక్కలు రాకుండానే బురదలో నడుస్తున్న పిల్లను చూసి కొంగపిల్ల అనకూడదు. కొంగ జాతి పిల్ల చెరువు ఒడ్డుకు వచ్చేసరికి పెద్ద పక్షి అంత ఎత్తు పెరిగి ఉంటుంది. దాని చిన్నతనం నడినెత్తి మీద ఇంకా రాలని నూగు పోగుల్లోనూ, నోటి మూలన మెత్తగా ఉబ్బి కనిపించే చర్మంలోనూ మాత్రమే మిగిలి ఉంటుంది. నేల మీద పెరిగే పిల్లల్లో ముక్కు పొట్టిగా, మోకాలిలా కనిపించే కీలు లావుగా, ఒంటికి అతకనట్టుగా ఉంటుంది.

ఈక అంచులో వయసు

పిల్ల పక్షికి నూగు పోయి వచ్చే మొదటి ఈకలన్నీ కొద్ది రోజుల తేడాతో ఒకేసారి పెరుగుతాయి. అందుకే వాటన్నిటి వయసూ ఒకటే, అరుగుదలా ఒకటే. ఒక్కో ఈకకు లేత గోధుమ రంగు అంచు ఉండటంతో వీపంతా చేప పొలుసు పేర్చినంత క్రమంగా కనిపిస్తుంది. పెద్ద పక్షి ఈకలు విడతలవారీగా మారుతుంటాయి. దాని వీపు మీద కొత్త ఈక పక్కనే అంచులు చిరిగి, ఎండకు వెలిసిన పాత ఈక ఉంటుంది. ఫొటోను పెద్దది చేసి భుజం మీది ఈకల వరసను చూస్తే, జాతి తెలియకపోయినా వయసు తెలిసిపోతుంది. కంటితో చెరువు గట్టున నిలబడి చూసేవాడికి దొరకని ఈ సౌకర్యం ఫొటో ఒక్కటే ఇస్తుంది.

ఈ విషయం మీద సాగిన పని కొత్తదేమీ కాదు. ఈకల మార్పిడి దశలకు పేర్లు పెట్టే పద్ధతిని హంఫ్రీ, పార్క్స్ 1959లో ప్రతిపాదించారు. ఉత్తరార్ధగోళపు ఒడ్డు పక్షుల వయసు తేల్చడం గురించి ప్రేటర్, మర్చంట్, వోరినెన్ 1977లో ఒక చేతిపుస్తకం తెచ్చారు. అది వలలో పట్టి, కాలికి రింగు తొడిగి వదిలేవాళ్ల కోసం రాసింది. పక్షి చేతిలో ఉన్నప్పుడు మాత్రమే కనిపించే ఎన్నో వివరాలు ఇప్పుడు మంచి ఫొటోలో కనిపిస్తున్నాయి. మన దేశంలో సలీం అలీ పుస్తకం 1941లో వచ్చిన దగ్గర్నుంచి పెద్ద పక్షుల్ని గుర్తుపట్టడం నేర్చినవాళ్లకు లోటు లేదు. పిల్లల దగ్గరే ఇంకా తడబాటు.

చారల కొంగల చిక్కు

భిలాయి చుట్టుపక్కల ఆగస్టు నుంచి నవంబరు దాకా తీసిన ఫొటోల్లో ఎక్కువ గందరగోళం గోధుమ రంగు కొంగల దగ్గర వస్తుంది. వానాకాలంలో పొదిగిన పిల్లలన్నీ అప్పుడే గూళ్లు వదిలి చెరువుల మీదికి వస్తాయి.

పాండ్ హెరాన్, అంటే మన గుడ్డి కొంగ, ప్రతి కుంట దగ్గరా ఉంటుంది. పిల్లదైనా, జత కట్టే కాలం దాటిన పెద్దదైనా గోధుమ వీపుతో, చారల మెడతో ఒకేలా కనిపిస్తుంది. నైట్ హెరాన్ పిల్ల కూడా గోధుమ రంగే. పెద్దయ్యాక నల్లటి నెత్తి, బూడిద రెక్కలు, ఎర్ర కన్ను వచ్చే ఈ చింత వొక్కు చిన్నప్పుడు తల్లిని ఏ కోశానా పోలి ఉండదు. అయితే దాని రెక్కల మీద పెద్ద పెద్ద తెల్లని చుక్కలుంటాయి. గుడ్డి కొంగకు ఉండేవి చారలే, చుక్కలు కావు. చింత వొక్కు పిల్లకు ముక్కు మందం, మెడ కురచ, కన్ను పసుపు లేక నారింజ. ఆ కన్ను ఎర్రబడుతూ, ఒళ్లు బూడిదవుతూ నిండు రూపు రావడానికి మూడేళ్లు పడుతుంది. అందుకే రెండో ఏటి పక్షి ఫొటో తీసి కొత్త జాతి దొరికిందని సంబరపడేవాళ్లుంటారు. స్ట్రయేటెడ్ హెరాన్ పిల్లకూ రెక్కల మీద చుక్కలుంటాయి గానీ అవి చిన్నవి, ఈక కొసన మాత్రమే ఉంటాయి. ఒళ్లు సన్నం, నెత్తి ముదురు రంగు.

తుంగలో నక్కే బిటర్న్‌లు కూడా ఈ గుంపులో కలిసిపోతాయి. పసుపు బిటర్న్ పిల్లకూ, ఇటుక రంగు సినమన్ బిటర్న్ పిల్లకూ ఒళ్లంతా చారలే. కూర్చున్న ఫొటో ఒక్కటే ఉంటే అనుభవమున్నవాళ్లూ తటపటాయిస్తారు. అదే పక్షి ఎగిరేటప్పుడు ఒక్క ఫొటో దొరికితే చాలు. రెక్క విప్పగానే తెల్లగా మెరిస్తే గుడ్డి కొంగ. రెక్కంతా ఇటుక రంగైతే సినమన్ బిటర్న్. రెక్క ముందు భాగం లేత రంగుగా, ఎగిరే ఈకలు నల్లగా ఉంటే పసుపు బిటర్న్. చుక్కలతో మబ్బు గోధుమ రంగైతే చింత వొక్కు పిల్ల. పక్షిని లేపి మరీ ఈ ఫొటో తీయమని కాదు. అది తనంతట తాను లేచే దాకా కెమెరా సిద్ధంగా పెట్టుకుని ఉండాలి.

పెద్ద కొంగల్లో నారాయణ పక్షి, అంటే గ్రే హెరాన్, పిల్లప్పుడు నెత్తి బూడిద రంగుతో ఉంటుంది. పెద్దదానికి ఉండే తెల్లని నుదురు, కన్ను మీదుగా వెనక్కి సాగే నల్ల పట్టీ, వేలాడే జుట్టు కుచ్చు ఉండవు. పర్పుల్ హెరాన్ పిల్ల ఇసుక గోధుమ రంగు, మెడ మీది నల్లని గీతలు ఇంకా తేలవు.

తెల్ల కొంగలు

తెల్లటి పక్షి పిల్ల కూడా తెల్లగానే ఉంటుంది. కాబట్టి ముక్కు రంగు, కాళ్ల రంగు చూసి పేరు పెట్టడం అలవాటు. పెద్ద పక్షుల్లో పనికొచ్చే ఆ అలవాటు పిల్లల దగ్గర దెబ్బతీస్తుంది. చిన్న ఇగ్రెట్‌కు ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు పసుపు అని అందరికీ తెలుసు. దాని పిల్లకు ముక్కు మొదట్లో బూడిదగానో కొద్దిగా గులాబీగానో, కాళ్లు పచ్చిక రంగు కలిసిన మురికి నలుపుగానో ఉంటాయి. పాదాల పసుపు కాలి మీదికి పాకినట్టుంటుంది. మరోవైపు, గేదెల వెంట తిరిగే పశువుల కొంగకు పసుపు ముక్కు గుర్తు. కానీ దాని పిల్లకు గూడు వదిలిన కొత్తలో ముక్కు నల్లగా ఉంటుంది. పొలంలో నల్ల ముక్కు తెల్ల కొంగ కనిపించగానే చిన్న ఇగ్రెట్ అని రాసేస్తారు.

రంగును పక్కన పెట్టి ఆకారం చూస్తే ఈ తిరకాసు విడిపోతుంది. పశువుల కొంగకు గడ్డం కింద ఈకలు ముక్కు వైపు ముందుకు వచ్చి దవడ ఉబ్బినట్టు ఉంటుంది. మెడ పొట్టి, ముక్కు కురచ. చిన్న ఇగ్రెట్ మెడ సన్నగా సాగి ఉంటుంది, ముక్కు బాకులా పొడవు. ఇక పెద్ద ఇగ్రెట్టా, మధ్య రకం ఇగ్రెట్టా అన్న పాత తగువును నోటి చీలికే తీర్చేస్తుంది. నోరు మూసి ఉన్నప్పుడు కనిపించే గీత పెద్ద ఇగ్రెట్‌లో కంటిని దాటి వెనక్కి పోతుంది, మధ్య రకంలో కంటి కిందే ఆగిపోతుంది. ఈ గీతకు వయసుతో పని లేదు. తల పక్క నుంచి స్పష్టంగా తీసిన ఒక్క ఫొటో ఉంటే చాలు.

పెరిగే ముక్కులు

ఆకారాన్ని నమ్మమని చెప్పాక, ఆకారమే మారిపోయే పక్షుల మాటా చెప్పాలి. నత్తగుల్ల కొంగ, హిందీలో ఘోంఘిల్, పెద్దదైతే ఎవరైనా గుర్తుపడతారు. ముక్కు మూసినా రెండు దవడల మధ్య సందు కనిపిస్తుంది. పిల్లకు ఆ సందు ఉండదు. ముక్కు మామూలుగా మూసుకుంటుంది, వయసు వచ్చే కొద్దీ సందు ఏర్పడుతుంది. వీపు గోధుమ, ఒళ్లు మబ్బు బూడిద. ఛత్తీస్‌గఢ్‌లో కోర్బా జిల్లా కన్‌కీ గ్రామంలో, కంకేశ్వర మహాదేవుడి గుడి చుట్టూ ఉన్న చెట్ల మీద ఈ కొంగలు వానాకాలంలో గూళ్లు కడతాయి. అవి వస్తే వానలొచ్చినట్టేనని ఊరివాళ్ల నమ్మకం. వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. అక్కడి గూళ్ల ఫొటోల్లో తల్లి ముక్కునూ పిల్ల ముక్కునూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవి చాలా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లావాళ్లకు ఈ కొంగ కొత్త కాదు. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి ఏటా వానలతో వచ్చి పిల్లల్ని పెంచుకుపోతుంది. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతులతో పాటు ఎర్రకాళ్ల కొంగలు చలికాలంలో పొదుగుతాయి. అందుకే ఎర్రకాళ్ల కొంగ పిల్ల ఫొటోకు తేలినీలాపురంలో ఒక నెల, మధ్య భారతంలో మరో నెల వర్తిస్తాయి. ఆ పిల్లకు తల మీద ఈకలుంటాయి. పెద్దదానికి ఉండే నారింజ రంగు బట్టతల, తోక దగ్గరి గులాబీ ఈకలు ఉండవు. అందుకే ఆ పిల్లను చూసి వేరే కొంగ అనుకోవడం సాధారణం. నిండు రంగులు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. పత్రికలు ఈ రెండు ఊళ్ల కొంగల్నీ సైబీరియా పక్షులని రాస్తుంటాయి. నిజానికి అవి ఈ దేశపు పక్షులే. సైబీరియా నుంచి వచ్చే పక్షులు వేరే ఉన్నాయి, వాటి సంగతి ముందుంది.

తెడ్డుమూతి కొంగ పిల్ల పుట్టినప్పుడు ముక్కు పొట్టిగా తిన్నగా ఉంటుంది, తెడ్డు తర్వాత విచ్చుకుంటుంది. ఎగరగలిగిన పిల్లలో రెక్క కొసల నలుపు, ముక్కు పాలిపోయిన గులాబీ ఛాయ గుర్తులు. కంకణాల్లో తల చూడాలి. తెల్ల కంకణం పెద్దదైతే తల, మెడ నల్లగా బోడిగా ఉంటాయి, పిల్లకు వాటి మీద బూడిద ఈకలుంటాయి. నల్ల కంకణం పిల్లకు నెత్తి మీది ఎర్ర మచ్చ ఉండదు.

తీతువు, జకానా

తీతువు పిట్టకు భిలాయి లాంటి ఊరు అచ్చొచ్చింది. గులకరాళ్ల నేల, రైలు పట్టాల మధ్య కంకర, చదునైన డాబా కప్పు ఏదైనా దానికి సరిపోతుంది. మార్చి నుంచి ఆగస్టు దాకా ఎప్పుడైనా నాలుగు గుడ్లు పెట్టవచ్చు. మండుటెండలో పొట్ట ఈకలు నీళ్లలో తడిపి తెచ్చి గుడ్లనూ పిల్లలనూ చల్లబరుస్తుంది. ఆ తడి పొట్ట ఫొటోల్లో ముదురు మచ్చలా పడి, చూసేవాళ్లను తికమక పెడుతుంది. ఎదిగిన పిల్లకు గొంతు తెల్లగా ఉంటుంది, పెద్దదానికి అక్కడ నలుపు. కంటి ముందు ఎర్ర తోలు చిన్నదిగా, వెలిసినట్టు ఉంటుంది. రెక్కల ఈకలకు లేత అంచులుంటాయి. నూగు దశలోని పిల్ల అపాయం పసిగట్టి నేలకు అతుక్కుపోతే మట్టి గడ్డకూ దానికీ తేడా తెలియదు. ఫొటో తీయడానికి ముందుకు జరిగేవాడు దాన్ని తొక్కేసే ప్రమాదం నిజమైనదే. తల్లి నెత్తిన తిరుగుతూ అరుస్తోందంటే అక్కడ ఆగిపోవాలి.

స్టిల్ట్ పిల్ల గులాబీ కాళ్లతో కాకుండా బూడిద కలిసిన మసక కాళ్లతో ఉంటుంది. ఎగిరినప్పుడు రెక్క వెనక అంచున సన్నటి తెల్ల గీత కనిపిస్తే అది పిల్లే. శివనాథ్ ఇసుక తిన్నెల లాంటి చోట్ల పొదిగే చిన్న రింగ్డ్ ప్లవర్ పిల్లకు మెడ పట్టీ నల్లగా కాక గోధుమగా, మధ్యలో తెగినట్టు ఉంటుంది. కంటి చుట్టూ పసుపు వలయం అంతగా కనిపించదు.

తామర చెరువుల్లో జకానాలు. కంచు రెక్కల జకానా పిల్లకు నెత్తి ఇటుక గోధుమ, పొట్ట తెలుపు. పెద్దదాని నల్లటి ఒంటితో సంబంధమే ఉండదు. చలికాలపు నెమలితోక జకానా అని పొరబడటానికి కారణం ఆ తెల్ల పొట్ట. నెమలితోక జకానాకు మెడ పక్కన దిగి రొమ్ము మీద కలిసే నల్ల గీత ఉంటుంది, ఎగిరితే రెక్కలు తెల్లగా ఉంటాయి. ఈ పక్షుల్లో ఆడది గుడ్లు పెట్టి పోతుంది, పొదిగేదీ పెంచేదీ మగదే. ఆపదలో పిల్లల్ని రెక్కల కింద ఇరికించుకుని నడుస్తుంది. అలాంటి ఫొటోలో ఒక పక్షికి ఎనిమిదో పదో కాళ్లు వేలాడుతూ కనిపిస్తాయి. అది కంప్యూటర్‌లో చేసిన మాయ కాదు.

పెయింటెడ్ స్నైప్ విషయంలో పొరపాటు మరో తీరు. ఇక్కడా పెంపకం మగదే, రంగుల సొగసు ఆడదానిదే. మెరూన్ మెడ, తెల్ల కన్నుమచ్చ ఉన్న ఆడదాని పక్కన చారలతో వెలిసినట్టున్న మగపక్షిని చూసి తల్లీపిల్లా అని రాస్తుంటారు. పిల్ల కూడా మగదాన్నే పోలి ఉంటుంది. రొమ్ము మీద ముదురు పట్టీ అంచు తెగినట్టు స్పష్టంగా ఉంటే తండ్రి, అస్పష్టంగా కలిసిపోతే పిల్ల.

వలస వచ్చే పిల్లలు

సైబీరియా మాట ఇక్కడ వర్తిస్తుంది. జూలై చివరి నుంచే ఉత్తర ఆసియా నుంచి చిన్న ఉల్లంకి పిట్టలు, స్టింట్‌లు, రఫ్‌లు మన చెరువులకు దిగుతాయి. పెద్దవి ముందు వస్తాయి, పిల్లలు వెనక ఒంటరిగా వస్తాయి, దారి చూపే తల్లి ఉండదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో పెద్దవాటి ఈకలు చిరిగి ఉంటే, పిల్లలవి కొత్త బట్టల్లా ఉంటాయి. లిటిల్ స్టింట్ పిల్లకు వీపు మీద రెండు తెల్ల గీతలు కలిసి ఆంగ్ల వీ అక్షరంలా కనిపిస్తాయి. నవంబరు దాటాక ఆ ఈకలు మారి అన్నీ బూడిద రంగులోకి వస్తాయి. అప్పుడు వయసు చెప్పడం కష్టం. అందుకే తేదీ లేని స్టింట్ ఫొటో సగం ఫొటోనే.

కెమెరా చేసే మోసాలు

ఎండలో తెల్ల కొంగ ఒళ్లు తెల్లముద్దైపోయి ఈకల వివరం పోతుంది. సాయంత్రపు ఎండ నల్ల ముక్కును కూడా పసుపు చేస్తుంది. బురద అంటిన పాదం ఏ రంగైనా కావచ్చు. రంగులు పెంచి, మసకలు తీసి అందంగా చేసిన ఫొటో కంటే అసలు ఫైలే గుర్తింపుకు పనికొస్తుంది. పొడవాటి లెన్సు దూరాన్ని కుదించడంతో వెనకున్న పక్షి ముందున్న దానంతే కనిపిస్తుంది. కాబట్టి పరిమాణం మీద వాదన పెట్టుకోకూడదు.

కార్నెల్ ల్యాబ్ తెచ్చిన మెర్లిన్ యాప్ గానీ ఐనేచురలిస్ట్ గానీ ఇచ్చేది ఊహ, తీర్పు కాదు. పిల్ల పక్షి ఫొటో పెట్టినప్పుడు అవి చెప్పే మొదటి పేరుతో సరిపెట్టుకోకుండా కింది పేర్లూ చూడాలి. ఈబర్డ్‌లో పక్షి వయసు నమోదు చేసే గడి ఉంది, జాతి తేలని తెల్ల కొంగ అన్న వర్గమూ ఉంది. తెలియనప్పుడు ఆ వర్గంలో వేయడం తక్కువతనం కాదు. తప్పు పేరుతో చేరిన ఫొటో రేపు ఫలానా చెరువులో ఫలానా పక్షి పొదిగిందన్న తప్పు రికార్డుకు ఆధారమవుతుంది.

గూళ్ల దగ్గర చట్టం కూడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను పాడుచేయడాన్నీ, గూళ్లను కదిలించడాన్నీ వేట కిందే లెక్కగడుతుంది. మంచి ఫొటో కోసం కొమ్మ వంచినా, ఆకులు తుంచినా ఆ మాట వర్తించవచ్చు. ఫొటో పంచుకునేటప్పుడు గూడున్న చోటు మాత్రం బయటపెట్టకండి. మిగతా ప్రతి ఫొటోకూ తేదీ, చెరువు పేరు తప్పక రాయండి.